పదిహేడు పూలకుండీలు

దూరపు దీవుల్లో సూవా అనే ఊళ్ళో సముద్రపు గోడకి ఎదురుగా తవాకె బిల్డింగ్ అని నాలుగంతస్తుల కట్టడం ఉంది. దాని కింది హాలు నేల గురించి ఒక మాట చెబుతాను, కాదనేవాళ్ళుంటే వచ్చి నా ఎదురుగా కూర్చుని కాదనండి. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ నేలకి ఇలైతియా పాలిష్ వేస్తున్నాడు. అన్నేళ్ళలోనూ అతని తడి పాలిష్ మీద ఒక్క అడుగు పడలేదు. మనిషిదీ పడలేదు, పిల్లిదీ పడలేదు. ఇక నునుపంటారా, ఈగ వాలితే లిఫ్టు దాకా జారిపోయి, తనెక్కడికి బయల్దేరిందో మర్చిపోయి అక్కడే కూర్చునేది.

ఇలైతియాది కందవు దీవి. యాభై ఎనిమిదేళ్ళు వచ్చాయి. మనిషి పొడుగు, మాట పొట్టి. రోజూ తుడవడం, వారానికొకసారి మిషన్ పట్టి తిప్పడం మామూలు పని. ఆర్నెల్లకొకసారి మాత్రం పెద్ద పని పడుతుంది. పాత పాలిష్ అంతా మందు నీళ్ళు పోసి ఊడదీసి, పాలలాంటి కొత్త పాలిష్‌ని అయిదు పూతలు వెయ్యాలి. ఆ రోజు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడకుండా వస్తాడు. లోపల లిఫ్టు పక్క గోడ దగ్గర మొదలుపెట్టి, వీధి తలుపు వైపు వెనక్కి వెనక్కి నడుస్తూ మాప్ లాగుతాడు. చివరి గీత గడప మీద పడేసరికి తను బయట మెట్టు మీద ఉంటాడు. అతని దగ్గర పని నేర్చుకున్న ఉనైసికి మొదటిరోజే ఒక సంగతి చెప్పాడు. "అమ్మాయ్, ఈ పనిలో ముందుకు నడిచావంటే అయిపోయావు."

ఆ తలుపు దగ్గర వాచ్‌మన్ లివై. ఇలైతియాకి మేనమామ కొడుకు, పైగా చెల్లెలి మొగుడు. అంటే రెండు వైపులా బావ. కందవులో పుట్టిన వాళ్ళకి చెప్పక్కర్లేదు, మన వైపు వాళ్ళకీ చెప్పక్కర్లేదు. బావ కనపడితే ఒక పుల్ల విరుపు మాట అనకుండా ఊరుకోవడం ఒంటికి మంచిది కాదు. లివై ఆ విషయంలో ఆరోగ్యం బాగా చూసుకునేవాడు.

"ఏం బావా, ఇవాళ నేలకి జడ కూడా వేస్తావా?" అనేవాడు.

"నీ మొహానికి ఇంకో పూత మిగిలింది, రా," అనేవాడు ఇలైతియా.

ఇలా హాయిగా జరిగిపోతున్న రోజుల్లో ఆక్లండ్ నుంచి కొత్త మేనేజరు దిగింది. మిస్ డాల్టన్. సన్నగా, చురుగ్గా, చంకలో ఎప్పుడూ ఒక పుస్తకంతో తిరిగే మనిషి. ఆ పుస్తకం నిండా కార్పెట్ ముక్కలు. వచ్చిన మూడో వారం హాలు మధ్యలో నిలబడి, బూడిదరంగు ముక్క ఒకటి నేల మీద పెట్టి, తల పక్కకి వంచి చూసింది. మనిషి చచ్చిపోయాక పెట్టెకి కొలతలు తీసేవాళ్ళు అలాగే చూస్తారని ఇలైతియాకి అనిపించింది.

"ఇది పరిచేస్తే ఆర్నెల్లకొకసారి ఈ అవస్థ ఉండదు కదా," అంది ఆమె.

"అవస్థ కాదు మేడమ్, నేల," అన్నాడు ఇలైతియా. ఆ నెలలో అతను మాట్లాడిన వాటిలో అదే పొడుగు వాక్యం.

ఆమె చెడ్డది కాదు. ముక్క తీసి పుస్తకంలో పెట్టుకుంది. "సరే. ఈ శనివారం మీ పెద్ద పని కానివ్వండి. నాలుగింటికి వచ్చి చూస్తాను. మచ్చ లేకుండా ఉంటే ఇలాగే ఉంచుదాం. ఒక్క మచ్చ కనపడినా సోమవారం కార్పెట్ వాళ్ళొస్తారు. ఇంకో మాట. ఈ పూలకుండీలన్నీ బయట పెట్టించండి. నాకు నేల కనపడాలి, తోట కాదు."

ఆ మాటకి ఇలైతియా వెళ్ళి దగ్గర్లో ఉన్న కుండీకి అడ్డంగా నిలబడ్డాడు. తలుపు దగ్గర లివై దగ్గొచ్చినట్టు అటు తిరిగాడు.

ఎందుకో చెప్పాలంటే నేను మొదట అన్న మాట వెనక్కి తీసుకోవాలి. తీసుకుంటాను, నాకేం బరువు. ఇలైతియా పాలిష్ మీద అడుగు పడలేదన్నాను కదా. పడింది. పడని సారి లేదు. మొదటి నాలుగు పూతలూ పొద్దున్నే బిల్డింగ్ ఖాళీగా ఉన్నప్పుడు నిక్షేపంగా ఆరేవి. అయిదోది వేసేసరికి మధ్యాహ్నమయ్యేది. పై అంతస్తులో పళ్ళ డాక్టరు లాల్ శనివారం రెండింటికి తలుపు తీస్తాడు. తడి నేల అని పలక పెట్టినా, తాడు కట్టినా, పంటి నొప్పితో వచ్చినవాడు పలక చదవడు. గొడుగు మర్చిపోయిన ట్రావెల్ ఆఫీసు అమ్మాయి "ఒక్క అడుగే" అంటూ పన్నెండు వేసేది. తాడు కింద నుంచి దూరి, దూరినందుకు క్షమాపణ చెప్పడానికి మళ్ళీ వెనక్కి వచ్చిన పాస్టరుగారు కూడా ఉన్నారు. సగం ఆరిన పాలిష్ మీద పడిన అడుగు మళ్ళీ ఊడదీసే దాకా పోదు. అందుకని ఇలైతియా అడుగుకొక పూలకుండీ చొప్పున తెచ్చి పెట్టేవాడు. ఆర్నెల్లకొకసారి పాత అడుగులు పోయి కొత్తవి పడేవి, కుండీలు చోటు మారేవి. బిల్డింగ్‌లో వాళ్ళంతా ఇతనికి తోటపనిలో గొప్ప అభిరుచి ఉందనుకున్నారు. ఇన్సూరెన్స్ మేనేజరు భార్య తన వరండాలో క్రోటన్లు ఎలా సర్దాలో అడిగి పోయింది కూడా. ఈ సంవత్సరం లెక్కకి కుండీలు పదిహేడు. సంగతి తెలిసినవాళ్ళు ముగ్గురే. ఇలైతియా, ఉనైసి, లివై.

శుక్రవారం సాయంత్రం ముగ్గురూ కుండీలన్నీ మోసి వెనకవైపు రేకుల కింద పెట్టారు. కుండీ తీసిన చోటల్లా ఒక పాదం.

"ఇది పాస్టరుగారిది," అన్నాడు లివై వంగి చూస్తూ. "బొటనవేలు చూడు, దేవుడి వైపే ఉంది."

"నోరు మూసుకుని మొయ్యి," అన్నాడు ఇలైతియా.

"కార్పెట్ వేశాక నీకేం పనిస్తారో తెలుసా బావా? గొట్టం ఉన్న మిషన్ ఒకటుంది. పంది పిల్లలాగా అరుస్తుంది. దాన్ని తాడుకి కట్టి రోజూ షికారు తిప్పాలి."

ఇలైతియా ఇంకో కుండీ ఎత్తుకున్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళు తన మొహం తను చూసుకున్న నేల అది. అద్దంలో కన్నా అందులోనే బాగుంటానని అతని నమ్మకం.

శనివారం తెల్లవారేసరికి వాన. సూవాలో వాన పడిందని చెప్పడం సముద్రంలో ఉప్పుందని చెప్పినట్టే గాని, ఆ రోజు వాన వేరు. గాలి కూడా తడిసిపోయింది. ఇలైతియా, ఉనైసి కలిసి పాత పాలిష్ ఊడదీశారు, కడిగారు, ఆరబెట్టారు. ఒక్క చోట మాత్రం కుదరలేదు. తలుపు లోపల పక్కగా లివై కుర్చీ ఉంటుంది. లివై అందులోంచి లేవనన్నాడు.

"వాచ్‌మన్ తలుపు వదలకూడదు బావా. రూలు."

"కుర్చీ రెండడుగులు జరుపు. అంతేగా."

"జరిపితే వాన కొడుతుంది. నేను తడిస్తే నీ చెల్లెలు నిన్నే అంటుంది."

వాదిస్తే పొద్దు పోతుందని ఇలైతియా ఆ కుర్చీ చుట్టూ గీత గీసినట్టు పని చేసుకుపోయాడు. లివై భోజనానికి లేచినప్పుడు కుర్చీ కింది నాలుగు నేల పలకలూ విడిగా చేసుకోవచ్చనుకున్నాడు. నాలుగు పూతలు పడ్డాయి. నేల తేటనీటి చెరువులా అయింది. కుర్చీ కింద మాత్రం ఆర్నెల్ల పాత పాలిష్, టీ ఒలికిన రంగులో అలాగే ఉంది.

ఒంటిగంటన్నరకి లివై లేచాడు. ఉనైసి బయట మెట్ల మీద చూరు కింద, తడి నేల అన్న పలక పట్టుకుని నిలబడింది. ఇలైతియా లిఫ్టు పక్కన చీపుళ్ళ గదిలో కొత్త మాప్ తడిపి, పిండి, బకెట్ ఎత్తుకుని ఇటు తిరిగాడు.

కుర్చీలో రాతూ ఎరోని కూర్చుని ఉన్నాడు.

కందవులో ఇలైతియా వాళ్ళ ఊరికి పెద్ద, రాతూ అన్నది ఆ పెద్దరికానికి బిరుదు. ఎనభై దాటిన మనిషి, తెల్లటి జుట్టు, ఒళ్ళో చేతికర్ర. కందవు పడవ సాయంత్రానికి గాని కదలదట. ఎదురుగా సముద్రపు గోడ దగ్గర తడుస్తూ నిలబడ్డ ఆయన్ని లివై చూసి, లోపలికి తీసుకొచ్చి తన కుర్చీలో కూర్చోబెట్టాడు. కూర్చోబెట్టి తను తలుపు బయట చేతులు కట్టుకుని, ఏమీ ఎరగని పెయ్యలాగా నిలబడ్డాడు.

ఇలైతియా బకెట్ కింద పెట్టాడు. అతని కష్టం ఏమిటో మీకు తెలిసే ఉంటుంది. నేల పని వెనక్కి నడుస్తూ చెయ్యాలి. లిఫ్టు దగ్గర మొదలుపెడితే వీపు తలుపు వైపు ఉంటుంది. తలుపు దగ్గర రాతూ ఉన్నాడు. అంటే నలభై అడుగుల పొడుగునా వంగి, మాప్ లాగుతూ, తన వెనక భాగాన్ని ఊరి పెద్ద మొహం మీదకి నడిపించుకుంటూ పోవాలి. కందవులో పుట్టినవాడెవడూ ఆ పని చెయ్యడు. ఆయన్ని లెమ్మనడం అంతకన్నా కుదరదు. ఆగుదామంటే పాలిష్ ఆరడానికి ఈ వానలో రెండు గంటలు పడుతుంది, మేడమ్ నాలుగింటికి వస్తుంది.

ఇలైతియా నడుం వంచి, "తులౌ, తులౌ" అని మన్నింపు కోరుకుంటూ రాతూ ముందుకి వెళ్ళి, నేల మీద కూర్చుని, అక్కడి దండం పద్ధతిలో మెల్లగా మూడుసార్లు అరచేతులు తట్టాడు.

"ఎవరూ, సైలోసి కొడుకువా?" అన్నాడు రాతూ.

"అవునండి."

"పని చేసుకో నాయనా. నేనడ్డం కాదుగా?"

"అయ్యో, లేదండి."

అని చెప్పేశాక ఇంకేముంది. ముప్పై ఒక్క ఏళ్ళలో మొదటిసారి ఇలైతియా తలుపు దగ్గర మొదలుపెట్టాడు. రాతూ పాదాలకి మూర ఎడంగా మొదటి గీత లాగి, ఆయన వైపే మొహం పెట్టి, పెద్దల ఎదుట నుంచి ఎలా తప్పుకోవాలో అలాగే, ఒంగి ఒంగి వెనక్కి జరుగుతూ పోయాడు. ఇంత మర్యాదగా ఏ నేలకీ ఎవరూ పాలిష్ వేసి ఉండరు. ఒక్క గీత వంకర పోలేదు. ఆఖరి గీత లాగి నడుం ఎత్తి చూసుకుంటే, వెనక చీపుళ్ళ గది, పక్కన లిఫ్టు, ముందు నలభై అడుగుల తడి.

తలుపు అవతల లివై నోటికి టోపీ అడ్డం పెట్టుకున్నాడు.

"బావా," అని లోపలికి నెమ్మదిగా అన్నాడు, "అటువైపు తలుపుందా?"

లేదని ఇద్దరికీ తెలుసు. లిఫ్టు ఎప్పటిలాగే పాడై ఉంది. మెట్లున్నాయి గాని అవి పైకే పోతాయి. పైకెళ్తే రాతూ తల కన్నా ఎత్తులో ఉన్నట్టవుతుంది. ఇలైతియా చీపుళ్ళ గది గడప మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఇప్పుడు పంటి నొప్పులవాళ్ళు వస్తారు, తొక్కుతారు, అడ్డుపడటానికి తను ఇక్కడి నుంచి కదలలేడు. అడుగులు కప్పడానికి కుండీలు లేవు. సోమవారం కార్పెట్. పంది పిల్ల అరుపు అతని చెవుల్లో అప్పుడే మొదలైంది.

రెండు గంటలకి మొదటివాడు వచ్చాడు. బుగ్గ బొప్పాయిలా ఉబ్బిన లారీ డ్రైవరు. ఉనైసి పలకని పక్కకి తోసి, తలుపు లాగి, కాలెత్తాడు. ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉండిపోయింది. ఎదురుగా రాతూ. కూర్చున్న పెద్దమనిషి పక్క నుంచి నిటారుగా దూసుకుపోవడానికి ఆ ఉబ్బిన బుగ్గ కూడా ఒప్పుకోలేదు. కాలు వెనక్కి తీసుకుని, చెప్పులు విప్పి, మెట్టు మీద కూర్చున్నాడు.

"నొప్పెలా ఉంది నాయనా?" అన్నాడు రాతూ.

"తగ్గిందండి," అన్నాడతను. అబద్ధమే గాని మర్యాద.

తర్వాత ట్రావెల్ ఆఫీసు అమ్మాయి గొడుగు కోసం వచ్చింది. చూసింది, కూర్చుంది. పార్సిల్ మోసుకొచ్చిన చైనా కుర్రాణ్ణి లివై భుజం పట్టుకుని, "లోపల పెద్దాయన. కూర్చో," అన్నాడు. కూర్చున్నాడు. మూడింటికల్లా మెట్ల మీద తొమ్మిది మంది, పక్కన తొమ్మిది జతల చెప్పులు. గుడి దగ్గర కూడా అంత పద్ధతిగా ఉండదు. రాతూ వాళ్ళకి తన చిన్నప్పటి తుపాను కథ చెబుతున్నాడు. అయిదో పూతకి ముందే పైకెళ్ళిన డాక్టర్ లాల్, ఎవరూ రావడం లేదేమిటా అని దిగి వచ్చి, ఆఖరి మెట్టు మీద నుంచి తొంగి చూసి, గబుక్కున అక్కడే చతికిలబడ్డాడు.

"నోరు తెరువు," అన్నాడు అక్కడి నుంచే డ్రైవరుతో.

డ్రైవరు తెరిచాడు.

"ఎడమవైపు కింది దవడ, వెనక నుంచి రెండోది," అన్నాడు డాక్టరు. నలభై అడుగుల దూరం నుంచి. నేలలో ప్రతిబింబం చూసి చెప్పాడని తర్వాత ఉనైసి అందరికీ చెప్పింది.

మధ్యలో ఒక కొంగ కూడా వచ్చింది. సముద్రపు గోడ మీద ఉండే బూడిదరంగు కొంగ. వానకి విసుగెత్తి తలుపు సందులోంచి లోపలికి వచ్చి, రాతూ కాలి పక్కన నిలబడి, నేల వైపు చూసింది. కింద ఇంకో కొంగ. ఇది మెడ వంచింది, అదీ వంచింది. ఇది ఇంకాస్త వంచింది, అదీ వంచింది. ఇంత మర్యాదస్థుల మధ్య తనకెందుకనుకుందేమో, అడుగు ముందుకెయ్యకుండా వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

నాలుగింటికి నల్ల గొడుగు కింద మిస్ డాల్టన్ దిగింది. చంకలో పుస్తకం. మెట్ల నిండా మనుషుల్ని చూసి ఆగిపోయింది. లివై ఆమె చెవిలో రెండు ముక్కలు చెప్పాడు. ఆమె చెడ్డది కాదని ముందే చెప్పానుగా. బూట్లు విప్పి, లారీ డ్రైవరు పక్కన మెట్టు మీద కూర్చుంది.

ఇలైతియా గడప మీద నుంచి సగం లేచాడు. నిలబడి చూస్తే ఏ నేలైనా బాగానే ఉంటుంది. కూర్చుని, కన్ను నేలకి దగ్గరగా పెట్టి వెలుతురుకి ఎదురుగా చూస్తేనే మచ్చలన్నీ బయటపడతాయి. పని తెలిసినవాళ్ళు చూసే పద్ధతి అది. లివై చేజేతులా ఆమెని సరిగ్గా అక్కడ కూర్చోబెట్టాడు.

ఆమె చూసింది. తలుపు నుంచి లిఫ్టు దాకా ఒకే వెలుగు. అందులో పై దీపాలు, మెట్లు, దూరంగా తల్లకిందులుగా బాసింపట్టు వేసుకున్న ఇలైతియా. ఒక్క అడుగు లేదు. ఒక్క గీత లేదు.

అంతలో పడవ దగ్గరికి తీసుకెళ్ళే వ్యాను వచ్చింది. రాతూ కర్ర పట్టుకుని లేచాడు. మెట్ల మీద అందరూ అరచేతులు తట్టారు, మిస్ డాల్టన్ కూడా ఒక చప్పుడు ఆలస్యంగా తట్టింది. ఆయన తలుపు దగ్గర ఆగి లోపలికి చూసి, "సైలోసి కొడుకా, నా ఎనభై ఏళ్ళలో నేలని ఇంత గౌరవించిన మనిషిని చూడలేదు," అని వెళ్ళిపోయాడు.

పాలిష్ ఆరిపోయింది. ఇలైతియా వేళ్ళతో తట్టి చూసుకుని, కాళ్ళు తిమ్మిరెక్కి కుంటుతూ నడిచి వచ్చాడు. లివై రాతూ కూర్చున్న కుర్చీ ఎత్తాడు.

కింద నాలుగు పలకలు. టీ ఒలికిన రంగు.

ఉనైసి కళ్ళు వాటంతట అవే వెనకవైపు రేకుల కేసి వెళ్ళాయి. కుండీలు అక్కడున్నాయి.

"ఇదేమిటి?" అంది మిస్ డాల్టన్.

తప్పు ఎవరిదో ఇలైతియాకి తెలుసు, లివైకీ తెలుసు. బావని ఆటపట్టించడం వేరు, బావ పని పోగొట్టడం వేరు. లివై టోపీ సర్దుకుని ముందుకొచ్చాడు.

"అది మా బావ పద్ధతి మేడమ్. కాస్త పాతది వదిలేస్తాడు. లేకపోతే ఎంత పని జరిగిందో చూసేవాళ్ళకెలా తెలుస్తుంది?"

ఇలైతియా అతని వైపు చూశాడు. అబద్ధాల్లో బావ ఇంత గట్టివాడని ఇన్నేళ్ళూ గమనించనందుకు సిగ్గేసింది.

మిస్ డాల్టన్ గొంతుక్కూర్చుని ఒక చెయ్యి పాత పలక మీద, ఒక చెయ్యి కొత్త పలక మీద పెట్టింది. తర్వాత చంకలో పుస్తకం తీసి బూడిదరంగు ముక్క ఆ రెంటి మధ్యా పెట్టింది. అక్కడ ఆ ముక్క తడిసిన పిల్లిలా ఉంది. తీసి పుస్తకం మూసేసింది.

"ఇలాగే ఉంచండి," అంది. "ఈ నాలుగు పలకలు కూడా. ఆక్లండ్ నుంచి ఓనర్లు వస్తే నేను చూపించాలి. వీటి మీద మాత్రం ఏమీ పెట్టకండి."

"కుర్చీ కూడానా మేడమ్?" అన్నాడు లివై.

"కుర్చీ కూడా. బయట పెట్టుకోండి."

అప్పట్నుంచి లివై కుర్చీ మెట్ల మీద ఉంటుంది. గాలి సముద్రం వైపు నుంచి వీస్తే ఎడమ భుజం, కొండ వైపు నుంచి వీస్తే కుడి భుజం తడుస్తాయి. ఇలైతియా రోజూ ఆ నాలుగు పలకల్నీ ఎవరూ తుడవకుండా కాపలా కాస్తాడు.

"రాతూని కూర్చోబెట్టింది ఊరికే అనుకున్నావా?" అంటాడు లివై చొక్కా పిండుకుంటూ. "ఇదంతా నా ప్లానే."

"నువ్వు టీ పెట్టుకోవడానికి ప్లాన్ వేస్తే సాయంత్రమవుతుంది," అంటాడు ఇలైతియా. కానీ ఆర్నెల్లకొకసారి అయిదో పూత రోజున కందవు పడవ ఎన్నింటికో ముందుగా కనుక్కునేది మాత్రం ఇలైతియానే.

ఇందులో నేను కల్పించింది ఏదని మీరు అడుగుతారు. అడగకముందే ఒప్పేసుకుంటాను. వెళ్ళేటప్పుడు రాతూ ఎరోని నేలని గౌరవించడం గురించి ఆ గొప్ప మాట అనలేదు. రెండు గంటల నుంచి కూర్చోబెట్టారు, ఒక కప్పు టీ అయినా ఇవ్వరా అన్నాడు. అది రాస్తే కందవు వాళ్ళకి చిన్నతనమని మార్చాను. మిగతాదంతా జరిగింది జరిగినట్టే. కొంగతో సహా.